వాగ్దానానికి వారసులెవరు? - అంత్యకాల ప్రవచన వ్యాఖ్యానాల చరిత్ర

గోదావరి కాలవల కింద పుట్టి పెరిగినవాణ్ణి నేను. మా పేటలోని ప్రార్థన మందిరం గోడకు ఒక గుడ్డ పటం వేలాడుతూ ఉండేది. ఎడమ కొసన ఏదెను తోట, కుడి కొసన అగ్నిగుండం, మధ్యలో వరసగా ఏడు గుండ్రాలు. అవి ఏడు యుగాలు. ఆరో గుండ్రానికీ ఏడో గుండ్రానికీ నడుమ పైకి పోయే బాణం గుర్తు ఒకటి ఉండేది. అది సంఘం ఎత్తబడడం. దాని పక్కన మహాశ్రమల కాలం, యూదులు తమ దేశానికి తిరిగి రావడం, ఆ తర్వాత వెయ్యేండ్ల పరిపాలన. మా నాయనమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా చీపురుపుల్లతో చూపిస్తూ ఆ పటాన్ని మొదటినుంచి చివరిదాకా అప్పగించేది.

నాకు పదేళ్ళప్పుడు ఆమెనొక ప్రశ్న అడిగాను. "యూదులు తిరిగొస్తే మరి ఇప్పుడు ఆ నేల దున్నుకుంటున్నవాళ్ళు ఎక్కడికి పోతారే నాయనమ్మా?"

ఆమె పటం వంక చాలాసేపు చూసింది. "ఏమోరా అబ్బాయీ, పటంలో వాళ్ళు లేరుగా" అంది.

బంజరులో వేసుకున్న గుడిసెను రెండుసార్లు పీకించుకున్న మనిషి ఆమె. ఆ జవాబు చెప్పేటప్పుడు ఆమె గొంతులో ఏదో తడబాటు వినిపించింది. దాని అర్థం నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఆ పటం ఎక్కడ పుట్టింది, మా పేట గోడ మీదికి ఎలా వచ్చింది, అందులో లేనివాళ్ళు ఎందుకు లేరు అనే ప్రశ్నలే ఈ వ్యాసానికి ప్రేరణ.

ఇది మత విషయం, మనకెందుకు అనే మిత్రులున్నారు. ఒక గ్రంథాన్ని ఎలా చదవాలనే తగాదా మీద సామ్రాజ్యాలు నడిచాయి, ఊళ్ళు ఖాళీ అయ్యాయి. చదవడమే వృత్తిగా ఉన్న మనం దాన్ని పట్టించుకోకపోతే ఎవరు పట్టించుకుంటారు?

1

ముందు మూలం సంగతి చూద్దాం. ఆదికాండంలో దేవుడు అబ్రాహాముకు సంతానాన్నీ దేశాన్నీ వాగ్దానం చేస్తాడు. ఒకచోట ఐగుప్తు నది మొదలు యూఫ్రటీసు దాకా సరిహద్దులు కూడా చెప్పబడ్డాయి. పదిహేనో అధ్యాయంలో ఈ నిబంధనకు షరతు లేదు. ఖండించిన పశువుల మధ్యగా నడిచేది దైవసన్నిధికి గుర్తైన నిప్పే గాని అబ్రాహాము కాదు. కాని ద్వితీయోపదేశ కాండానికి వచ్చేసరికి షరతులు మొదలవుతాయి. ధర్మం తప్పితే ఆ నేల నుంచి పెరికివేయబడతారని హెచ్చరిక వినిపిస్తుంది. లేవీయకాండం ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. భూమి దేవుడిది గనక దాన్ని శాశ్వతంగా అమ్ముకునే హక్కు ఎవరికీ లేదనీ, మనుషులు అక్కడ పరదేశుల్లాంటి వాళ్ళేననీ దాని భావం. అంటే వాగ్దానం గురించి ఆ గ్రంథంలోనే కనీసం రెండు గొంతులున్నాయి. తర్వాత రెండువేల ఏళ్ళు సాగిన తగాదాకు బీజం అక్కడే ఉంది.

ప్రవచన గ్రంథాల సంగతి మరొకటి. దానియేలు గ్రంథం ఇప్పటి రూపం తీసుకున్నది క్రీ.పూ. 167-164 ప్రాంతంలో, నాలుగో అంతియొకస్ యెరూషలేము దేవాలయాన్ని అపవిత్రం చేసిన రోజుల్లో అని ఆధునిక పండితులలో అత్యధికుల అభిప్రాయం. ప్రకటన గ్రంథం మొదటి శతాబ్దం చివర, పత్మాసు ద్వీపం నేపథ్యంగా వెలువడింది. అందులోని బబులోను రోము నగరానికి మారుపేరు. రాజ్యం కత్తి పైన వేలాడుతున్నప్పుడు ఓడిపోయినవాళ్ళు మృగాలతో, కొమ్ములతో, అంకెలతో మాట్లాడుకున్న సంకేత భాష ఇది. నిర్బంధంలో రాసినవాళ్ళకు ఈ భాష కొత్త కాదు. అయితే సంకేతానికి ఒక ప్రమాదం ఉంది. అది పుట్టిన సందర్భం మరుగున పడ్డాక ఎవరైనా దాన్ని తమ శత్రువుకు తగిలించుకోవచ్చు.

2

క్రీ.శ. 70లో రోమన్ సేనలు యెరూషలేము దేవాలయాన్ని తగలబెట్టాయి. 132-135 మధ్య బార్ కోఖ్బా తిరుగుబాటు అణగిపోయాక హద్రియను చక్రవర్తి ఆ నగరం పేరే మార్చేశాడు. యూదులకు అందులోకి ప్రవేశం నిషిద్ధమైంది. ఈ పరాజయాల నీడలోనే తొలి క్రైస్తవ వ్యాఖ్యానాలు తయారైనాయి.

పౌలు అంతకుముందే రెండు రకాలుగా రాసి ఉన్నాడు. గలతీయులకు రాసిన లేఖలో వాగ్దానం పొందిన సంతానం ఒక్క క్రీస్తేననీ, ఆయనకు చెందినవారందరూ వారసులేననీ వాదించాడు. ఆ వాదమంతా ఒక్క మాట ఏకవచనమా బహువచనమా అనే దానిమీద నిలబడింది. హీబ్రూలో ఆ మాట మన 'సంతానం' లాంటిదే. రూపం ఏకవచనం, అర్థం సమూహం. పౌలు రూపాన్ని పట్టుకున్నాడు. కాని రోమీయులకు రాసిన లేఖలో, తొమ్మిది నుంచి పదకొండు అధ్యాయాల్లో, దేవుడు ఇశ్రాయేలును విడిచిపెట్టలేదని అంతే గట్టిగా చెప్పాడు. ఆ తర్వాత పుట్టిన రెండు పక్షాలకూ ఆయనే సాక్షి.

రెండో శతాబ్దంలో జస్టిన్, ట్రైఫో అనే యూదుడితో సంవాదం రూపంలో రాసిన గ్రంథంలో క్రైస్తవులే నిజమైన ఇశ్రాయేలు అన్నాడు. అదే జస్టిన్ వెయ్యేండ్ల రాజ్యం యెరూషలేములో అక్షరాలా వస్తుందని నమ్మాడు. పాపియాస్, ఇరేనియస్ లూ అలాగే నమ్మినవాళ్ళు. హింసకు గురవుతున్న చిన్న సమూహానికి అది ఆకలిగొన్నవాడి కల. 313 తర్వాత పరిస్థితి మారింది. చక్రవర్తి తమవాడయ్యాక రోమును కూలదోసే రాజ్యం కోసం ఎదురుచూడడం ఇబ్బందికరమైన పని అయింది.

410లో రోము నగరం కొల్లగొట్టబడింది. 413-426 మధ్య అగస్టీన్ 'దేవుని నగరం' రాశాడు. తానూ ఒకప్పుడు వెయ్యేండ్ల రాజ్యాన్ని నమ్మినవాణ్ణేనని ఒప్పుకుంటూనే, ఇరవయ్యో భాగంలో దానికి కొత్త అర్థం చెప్పాడు. వెయ్యేండ్లంటే రాబోయే కాలం కాదు, క్రీస్తు మొదటి రాక నుంచి రెండో రాక దాకా నడుస్తున్న సంఘ యుగమే అని. ఈ వ్యాఖ్యానం పాశ్చాత్య క్రైస్తవాన్ని వెయ్యేళ్ళకు పైగా ఏలింది. ప్రవచనాన్ని ఏ సామ్రాజ్యం పతనంతోనూ ముడిపెట్టవద్దన్న వివేకం అందులో ఉంది. పేదవాడి ఆశను పరలోకానికి వాయిదా వేసిన గుణమూ అందులోనే ఉంది. రెంటినీ చూడకుండా అగస్టీన్‌ను అంచనా కట్టలేం.

3

సంఘమే కొత్త ఇశ్రాయేలు అనే సిద్ధాంతం వినడానికి ఉదాత్తంగా ఉంటుంది. వాగ్దానం ఒక జాతిది కాదు, మానవాళిది అంటుంది. కాని చరిత్రలో ఆ సిద్ధాంతానికి బలైనవాళ్ళు ఎవరు? పాత ఇశ్రాయేలే. యూదులను చంపకూడదు, చెదరిపోయి సాక్షులుగా బతకనివ్వాలి అన్నాడు అగస్టీన్. ఆ రక్షణ కూడా అవమానంతో కలిసిన రక్షణే. 1096లో మొదటి క్రూసేడు గుంపులు రైను నది పట్టణాల్లో యూదులను ఊచకోత కోశాయి. 1290లో ఇంగ్లండు, 1492లో స్పెయిను వాళ్ళను వెళ్ళగొట్టాయి. 1543లో లూథర్ యూదుల మీద రాసిన పుస్తకం వాళ్ళ ప్రార్థనాలయాలను తగలబెట్టమంది. అరవై లక్షలమందిని హతమార్చిన నాజీ సిద్ధాంతం మతసిద్ధాంతం కాదు, జాతిసిద్ధాంతం. అయినా అది మొలకెత్తిన నేలను దున్నిపెట్టింది శతాబ్దాల ఈ బోధనే. అంచేత అక్షరార్థం అభివృద్ధి నిరోధకం, అలంకారార్థం ప్రగతిశీలం అనే సులువైన సూత్రం ఇక్కడ పనిచెయ్యదు.

మరోపక్క వెయ్యేండ్ల కల చావలేదు. పన్నెండో శతాబ్దంలో ఫియోరే వాసి జోకిమ్ చరిత్రను మూడు యుగాలుగా విభజించి, మూడోది ఆత్మ యుగమన్నాడు. 1525 జర్మన్ రైతుయుద్ధంలో థామస్ ముంజర్ అంత్యకాలపు భాషలోనే ప్రభువులపై తిరుగుబాటుకు పిలుపిచ్చాడు. ఆ సంగతి ఎంగెల్స్ 1850లో రాసిన గ్రంథం ద్వారా మన పాఠకులకు తెలిసిందే. 1534-35లో మ్యూన్‌స్టర్ నగరంలో అదే కల నిరంకుశత్వంగా మారి రక్తంలో ముగిసింది. లూథరన్లు 1530లో ఆగ్స్‌బర్గులో సమర్పించిన విశ్వాస ప్రకటన, తీర్పుకు ముందే నీతిమంతులు భూమిని ఏలుతారనే ఆశను తోసిపుచ్చి, దానికి 'యూదు అభిప్రాయం' అని ముద్ర వేసింది.

సంస్కరణవాదులు ప్రకటన గ్రంథంలోని మృగాన్ని పోపుగా చదివారు. దానికి బదులుగా జెసూట్ పండితులు రెండు దారులు తీశారు. అవన్నీ భవిష్యత్తులో కొద్ది కాలంలో జరిగేవన్నాడు రిబేరా. ఎక్కువ భాగం తొలి శతాబ్దాల్లోనే జరిగిపోయిందన్నాడు అల్కాజార్. పోపును కాపాడడానికి రిబేరా గట్టిపరచిన భవిష్యవాదం రెండున్నర శతాబ్దాల తర్వాత పోపును అసహ్యించుకునే ప్రొటెస్టెంట్లకు ప్రధాన ఆయుధమైంది! వ్యాఖ్యాన పద్ధతులకు పుట్టిన ఇల్లు ఒకటి, కాపురం చేసే ఇల్లు మరొకటి.

4

యూదులు తిరిగి స్వదేశానికి చేరతారనే ఆలోచన ఇంగ్లండు ప్యూరిటన్లలో బలపడింది. 1621లో హెన్రీ ఫించ్ అనే న్యాయవాది దానిమీద పుస్తకం ప్రకటించాడు. లోకంలోని రాజులు యూదుల రాజ్యానికి మొక్కుతారన్న ఆ పుస్తకం జేమ్సు రాజుకు కోపం తెప్పించింది. రచయితా ప్రచురణకర్తా జైలుకు పోయారు. అంటే మొదట్లో ఈ భావం రాజులకు నచ్చినది కాదు. రాజ్యానికి అక్కరకు వచ్చాక నచ్చింది.

పందొమ్మిదో శతాబ్దంలో ఐర్లండు చర్చిలో పాదిరీగా పనిచేసి బయటికి వచ్చిన జాన్ నెల్సన్ డార్బీ (1800-1882) ఈ చరిత్రలో పెద్ద మలుపు. ఇశ్రాయేలు, సంఘం రెండు వేర్వేరు జనాంగాలన్నాడు ఆయన. ఇశ్రాయేలుకు చేసిన వాగ్దానాలు భూసంబంధమైనవి, అవి అక్షరాలా నెరవేరాలి. సంఘానికి చేసినవి పరలోక సంబంధమైనవి. యూదులు క్రీస్తును తిరస్కరించడంతో ప్రవచన గడియారం ఆగింది. ఇప్పటి సంఘకాలమంతా కుండలీకరణంలో పడ్డ వాక్యం. సంఘం హఠాత్తుగా ఎత్తబడ్డాక గడియారం మళ్ళీ నడుస్తుంది. దానియేలు డెబ్బై వారాలలో మిగిలిన చివరి వారం, అంటే ఏడేళ్ళు, భూమ్మీద గడుస్తుంది. 1909లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ అచ్చువేసిన స్కోఫీల్డ్ బైబిలు ఈ పథకాన్ని మూలం పేజీలోనే అడుగున వివరణలుగా ఇచ్చింది. పై వాక్యం ఎవరిది, కింది వివరణ ఎవరిది అనే తేడా సామాన్య పాఠకుడి మనసులో చెరిగిపోయింది. మా మందిరం గోడమీది ఏడు గుండ్రాలకు మాతృక ఇదే.

ఇంకా రెండు పక్షాలు చెప్పుకోవాలి. కాల్విన్ సంప్రదాయంలోని నిబంధన వేదాంతులు దేవుడి ప్రజ ఎప్పుడూ ఒక్కటేననీ, దేశవాగ్దానం క్రీస్తులో విశాలమై లోకమంతటికీ వర్తించిందనీ అంటారు. జోనాథన్ ఎడ్వర్డ్స్ వంటివారు సువార్త వ్యాప్తితో ముందు మంచికాలం వస్తుందనీ, క్రీస్తు రాక ఆ తర్వాతేననీ నమ్మారు. ఈ ఆశావాదం మొదటి ప్రపంచ యుద్ధపు కందకాల్లో చాలావరకు కూలిపోయింది. లోకం పాడవుతుందని చెప్పే డార్బీ పథకానికి అది కలిసొచ్చింది.

5

ఇక్కడ మన విమర్శకులు తరచు చేసే పొరపాటు ఒకటుంది. డార్బీ చెప్పాడు, బ్రిటిషు మంత్రివర్గం చేసింది అని గీత గీసేస్తారు. డార్బీ తన అనుచరులను రాజకీయాలకు దూరంగా ఉండమన్నవాడు. పాలస్తీనాలో యూదుల పునరాగమనానికి 1840 ప్రాంతంలో పామర్‌స్టన్‌ను ఒప్పించజూసిన షాఫ్ట్స్‌బరీ ప్రభువు డార్బీ శిష్యుడు కాదు. ఆయన నిజంగానే నమ్మాడు. పామర్‌స్టన్‌కు కావలసింది వేరు. ఒట్టోమన్ రాజ్యంలో ఫ్రాన్సుకూ రష్యాకూ పోటీగా బ్రిటనుకొక పట్టు కావాలి. నమ్మకం ఒకరిది, ప్రయోజనం మరొకరిది. రెండూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నాయి. నమ్మకాన్ని వట్టి ముసుగు అనడం చరిత్ర కాదు. ప్రయోజనాన్ని చూడకపోవడమూ చరిత్ర కాదు.

అమెరికాలో విలియం బ్లాక్‌స్టోన్ 1891లో పాలస్తీనాను యూదులకు ఇప్పించమని అధ్యక్షుడు హారిసన్‌కు మహజరు పంపాడు. సంతకాలు చేసిన 413 మందిలో రాక్‌ఫెల్లర్, జె.పి. మోర్గన్ ఉన్నారు. రష్యా యూదులు ఊచకోతల నుంచి పారిపోతున్న రోజులవి. వాళ్ళ బాధ నిజం. ఆ బాధకు చూపిన పరిష్కారంలో మరొకరి ఇల్లు ఉందన్నదీ నిజమే. వియన్నాలో బ్రిటిషు రాయబార కార్యాలయపు పాదిరీ విలియం హెక్లర్ 1896లో హెర్జల్‌ను కలుసుకుని, తన ప్రవచన లెక్కల ప్రకారం సమయం వచ్చేసిందన్నాడు. మతవిశ్వాసం పెద్దగా లేని హెర్జల్ ఆ లెక్కలను నమ్మలేదు. హెక్లర్ పరిచయాల ద్వారా జర్మన్ రాజకుటుంబం తలుపులు మాత్రం తట్టాడు.

1917 నవంబరు 2న వెలువడిన బాల్ఫర్ ప్రకటన మూలంలో 67 మాటలు. అప్పటి జనాభాలో పదింట తొమ్మిది వంతులున్న అరబ్బులకు అందులో పేరు లేదు. వాళ్ళు 'యూదులు కానివారు'. పౌర, మత హక్కులున్నాయి గాని రాజకీయ హక్కుల మాట లేదు. నాయనమ్మ పటం గుర్తుకు రావడం లేదూ? ప్రభుత్వంలో దీన్ని గట్టిగా ఎదిరించిన యూదుడు మనకు చెమ్స్‌ఫర్డుతో జంటగా పరిచితుడైన భారత మంత్రి మాంటేగు. దీనివల్ల ఎక్కడి యూదులు అక్కడ పరాయివాళ్ళయిపోతారని ఆయన భయం.

6

1948లో ఇశ్రాయేలు రాజ్యం ఏర్పడింది. ఏడు లక్షలమంది దాకా పాలస్తీనియన్లు నిరాశ్రయులైనారు. నాజీ మారణహోమం నుంచి బతికి బయటపడ్డవాళ్ళకు దొరికిన ఆశ్రయమూ, మరొక ప్రజ కోల్పోయిన ఊళ్ళూ ఒకే నేల మీద ఉన్నాయి. 1967 యుద్ధంలో తూర్పు యెరూషలేము ఇశ్రాయేలు చేతికి వచ్చింది. ప్రవచనం కళ్ళముందే నెరవేరుతున్నదని అమెరికన్ ప్రసంగ పీఠాలు మార్మోగాయి.

1970లో హాల్ లిండ్సే రాసిన పుస్తకం లక్షలకొద్దీ అమ్ముడుపోయింది. 1948 నుంచి ఒక తరం, అంటే సుమారు నలభై ఏళ్ళు, అని అందులో సూచన. 1988 వచ్చింది, పోయింది. అంతకుముందు విలియం మిల్లర్ అనుచరులు 1844 అక్టోబరు 22న ఎదురుచూసి నిరాశపడ్డారు. ఆశ్చర్యమేమంటే లెక్క తప్పినప్పుడు పథకం చావలేదు, తేదీ మాత్రమే మారింది. 1995-2007 మధ్య ఎత్తబడడం ఇతివృత్తంగా పదహారు నవలలు వచ్చి కోట్లకొద్దీ అమ్ముడుపోయాయి. 2018 మే 14న అమెరికా తన రాయబార కార్యాలయాన్ని యెరూషలేముకు మార్చినప్పుడు ప్రార్థన చేసినవారిలో ఈ సంప్రదాయపు బోధకుడు జాన్ హేగీ ఉన్నాడు.

ఈ ప్రేమలో ఒక వైరుధ్యం ఉంది. ఈ సంప్రదాయంలో చాలామంది వ్యాఖ్యాతల ప్రకారం మహాశ్రమల కాలంలో యూదులలో మూడింట రెండు వంతులు నశిస్తారు, మిగిలినవారు క్రీస్తును అంగీకరిస్తారు. యూదుడు యూదుడిగా బతికే చోటు ఆ కథ చివర లేదు. పాలస్తీనియనుకు మొదటినుంచీ లేదు.

7

మూలాన్ని మళ్ళీ చదివినవాళ్ళూ ఉన్నారు. మారణహోమం తర్వాత ఆత్మవిమర్శకు పూనుకున్న కేథలిక్ సంఘం 1965లో రెండో వాటికన్ సభ ప్రకటనలో, యూదులను దేవుడు తోసివేసినవారిగా చిత్రించరాదని చెప్పింది. అందుకు ఆధారం రోమీయులకు రాసిన లేఖ పదకొండో అధ్యాయమే. పదిహేను వందల ఏళ్ళు కళ్ళముందే ఉన్న అధ్యాయం!

నయీమ్ అతీక్ పాలస్తీనా ఆంగ్లికన్ పాదిరీ. 1948లో ఆయన పదకొండేళ్ళ పిల్లవాడు. కుటుంబంతోబాటు బేసాను పట్టణం నుంచి గెంటివేయబడ్డాడు. 1989లో వెలువరించిన గ్రంథంలో ఆయన ఎదుర్కొన్న ప్రశ్న చాలా కఠినమైనది. తన ఊరిని లాక్కోవడానికి సాక్ష్యంగా చూపించిన గ్రంథాన్నే తాను పరిశుద్ధ గ్రంథంగా ఎలా చదవాలి? ఆయన నాబోతు కథను ముందుకు తెచ్చాడు. తాతల నాటి ద్రాక్షతోటను అమ్మనన్న నాబోతును అహాబు రాజు భార్య దొంగసాక్ష్యాలతో చంపించింది. రాజు తోట ఆక్రమించడానికి పోతే ఏలీయా ప్రవక్త ఎదురుగా నిలబడ్డాడు. ఇశ్రాయేలు రాజే అయినా నేల లాక్కుంటే దేవుడు అతని పక్షం కాదని చెప్పే కథ ఇది. 2009 డిసెంబరులో బేత్లెహేములో పాలస్తీనా క్రైస్తవులు ప్రకటించిన కైరోస్ పత్రం కూడా వాగ్దానాన్ని ఒకరిని వెళ్ళగొట్టే పట్టాగా చదవరాదన్నది. 2023 డిసెంబరులో, గాజా మీద బాంబులు పడుతున్నప్పుడు, బేత్లెహేములోని లూథరన్ చర్చి బాలయేసును పశువుల తొట్టిలో కాక రాళ్ళ కుప్పలో పడుకోబెట్టింది. అది కూడా వ్యాఖ్యానమే.

8

ఇక మా గోడమీది పటం. ఎక్సెటర్ పట్టణపు దంతవైద్యుడు ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ డార్బీకి తొలినాటి సహచరుడు. 1836లో ఆయన వెంట వచ్చిన బౌడెన్, బీర్ దంపతులు మచిలీపట్నం మీదుగా నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో స్థిరపడ్డారు. అదే ఏడు గ్రోవ్స్ డార్బీ సంకుచితత్వాన్ని ఆక్షేపిస్తూ ఉత్తరం రాశాడు. పటం వచ్చింది గాని ఆ ఉత్తరం సంగతి మా పేటలో ఎవరూ చెప్పలేదు.

అయితే మనవాళ్ళు పటాన్ని ఊరికే వేలాడదీసుకోలేదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు 1980ల చివరి నుంచి తాము తప్పిపోయిన ఎఫ్రాయిము గోత్రంవాళ్ళమని ప్రకటించుకుని యూదు ఆచారాలు పాటిస్తున్నాయి. నవ్వడం తేలిక. ఊరు తమకు చోటివ్వని మనిషి ఇంకొక పురాతన జాబితాలో తన పేరు వెతుక్కోవడంలో ఉన్న దుఃఖాన్ని అర్థం చేసుకోవడం కష్టం. వాగ్దానం అనే మాటకున్న శక్తి అదే. అది నేల లేనివాడి మాట.

అందుకే వ్యాఖ్యానాన్ని పరీక్షించడానికి నాకు తోచిన గీటురాయి అక్షరార్థమా అలంకారార్థమా అన్నది కాదు. ఆ చదువు ఎవరిని పటం నుంచి చెరిపేస్తున్నదన్నది. కొత్త ఇశ్రాయేలు సిద్ధాంతం యూదుణ్ణి చెరిపింది. ఏడు యుగాల సిద్ధాంతం పాలస్తీనా రైతును చెరిపింది. రేపు మనం రాసే చరిత్రలకూ, గీసే పటాలకూ ఇదే గీటురాయి వర్తిస్తుంది.

నాయనమ్మ పోయి చాలా కాలమైంది. మందిరాన్ని డాబాగా కట్టారు, పటం ఏమైందో ఎవరికీ తెలియదు. ఆఖరి రోజుల్లో ఒకసారి, నేనడగకుండానే, ఆమె పాత ప్రశ్నకు జవాబు చెప్పింది. "పటం గీసినోళ్ళు ఆ ఊరు పోయి చూసుండర్రా. చూసుంటే ఇళ్ళు కనపడేయి."

గుడిసె పీకించుకున్న మనిషి చేసిన ఆ విమర్శకు నేను చేర్చగలిగింది పేర్లూ తేదీలూ మాత్రమే.